పుక్కిలించలేని పిల్లల పళ్ళు

పంటినొప్పికి ఉప్పునీటితో పుక్కిలించమనీ, చిగుళ్ళ బలానికి నువ్వులనూనె నోట పట్టమనీ ఎందరికో చెప్పాను. ఆ సలహా పాటించలేని పిల్లలున్నారన్న ఆలోచన నాకు చాలాకాలం రాలేదని ఒప్పుకోక తప్పదు.

ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ కుమారుణ్ణి ఎత్తుకొని నా వద్దకు వచ్చింది. సెరిబ్రల్ పాల్సీతో కాలుసేతులు బిగుసుకుపోయిన బాలుడు. మూర్ఛలకు ఫెనిటోయిన్ వాడుతున్నారు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళను సగం వరకు కప్పివేశాయి. "వేడి చేసిందనుకొని తేనె రాస్తున్నానయ్యా. తోమితే రక్తం వస్తోందని మానేశాను. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్నది. ఆమెను తప్పుపట్టలేను. బిడ్డ స్నానం, అన్నం, మందు అన్నీ కనిపెట్టి చూసే ఆ తల్లికి నోటి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ మందు వల్ల కొందరికి చిగుళ్ళు ఈ విధంగా పెరుగుతాయి. పాచి పేరుకొన్నకొద్దీ వాపు అధికమవుతుంది. రక్తానికి భయపడి తోమడం మానితే రక్తం మరింత వస్తుంది. అలాగని మూర్ఛల మందును సొంతంగా ఆపడం ప్రమాదకరం, వ్రాసిచ్చిన వైద్యునితోనే మాట్లాడాలి. ఇక తేనె, తీపి సిరప్పులు సరిగా మింగలేని బిడ్డ పళ్ళమీదే నిలిచి వాటిని పుచ్చజేస్తాయి. ఆరో ఏట వచ్చే దవడపళ్ళు పాలపళ్ళు కావు, పోతే తిరిగి రావు.

మన ప్రాచీనులు ఈ సంగతి ఎరుగనివారు కారు. చరకుడు రెండుపూటలా, చిగుళ్ళు నొవ్వకుండా దంతధావనం చేయమన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దగ్గు, ఆయాసం, మూతివంకర గల అర్దితవాతం ఉన్నవారికి పందుంపుల్ల కూడదన్నాడు. అందరి నోరూ ఒకటి కాదని ఆయనకు తెలుసు. నాకే తట్టలేదు. ఉమ్మివేయలేని బిడ్డ నోట నూనె పోస్తే ఊపిరితిత్తులలోకి పోవచ్చు. గండూషం అటువంటి పిల్లలకు పనికిరాదు.

ఆ తల్లికి ఇలా చెప్పాను: బిడ్డను కుర్చీలో కూర్చుండబెట్టి, వెనుక నిలిచి, తలను వెనక్కు వాల్చకుండా గుండెకు ఆనించుకోవాలి. మెత్తని చిన్న బ్రష్షుమీద బియ్యపుగింజంత పేస్టుతో తోమి, తడిగుడ్డతో తుడవాలి. పళ్ళ మధ్య వేలు పెట్టరాదు. దవడ బిగిస్తే బిడ్డ తెలియకనే కొరుకుతాడు. రాత్రిపూట తప్పరాదు. ఆపై దంతవైద్యుని వద్దకు పంపాను. మా వైద్యులలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు.

ఇకపై పుక్కిలింత గురించి వ్రాసినప్పుడల్లా, ఉమ్మివేయగలవారికి మాత్రమే అని మొదటి వాక్యంలోనే వ్రాస్తాను. తోటి వైద్యులనూ అదే కోరుతున్నాను.