తలంబ్రాలు కావాలి.. పోస్టింగ్ వద్దు!

కుర్ర డాక్టర్లు నలుగురు చేరిన చోట ఏటా ఒకటో రెండో ప్రేమకథలు నడుస్తూనే ఉంటాయి. రాత్రంతా క్యాజువాలిటీలో కలిసి నిలబడినవాళ్లు తెల్లారి క్యాంటీన్‌లో కలిసే టీ తాగుతారు. అక్కడి నుంచి పెళ్లి మాట పెద్ద దూరమేం కాదు. కులమనో జాతకమనో మొదట ఇంట్లో గొడవైనా, ‘ఇద్దరూ డాక్టర్లే కదా’ అని పెద్దలు చివరికి మెత్తబడతారు. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇద్దరం కలిసి ఏజెన్సీలో పనిచేస్తామన్నారంటే ఇల్లు మళ్లీ భగ్గుమంటుంది.

‘ఆ అడవిలో ఏముంది సార్? మీరైనా చెప్పండి’ అని ఖమ్మం నుంచి ఓ తండ్రి నాకు ఫోన్ చేశారు. ఏటా శ్రీరామనవమికి కల్యాణం చూడటానికి వచ్చే కుటుంబం. తలంబ్రాలు దేవుడి గదిలో భద్రంగా ఉంటాయి. కూతురికి భద్రాచలం పోస్టింగ్ మాత్రం వద్దట. దగ్గర్లోనే ఉన్న పర్ణశాలలో ఎవరు కాపురం చేశారో గుర్తుచేద్దామనుకుని ఊరుకున్నాను. అయినా ఈ అమ్మాయి ఎవరి వెంటా రావడం లేదు, తన పనికి తాను వస్తోంది.

అమ్మాయి గైనకాలజిస్టు. అబ్బాయి మత్తు డాక్టరు. ఈ జత విలువ నగరంలో ఉన్నవారికి వెంటనే తట్టదు. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల్లో ఇప్పటికీ నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీదే రోడ్డు దాకా మోసుకొచ్చే సందర్భాలున్నాయి. అలా వచ్చిన ఆమెకు బిడ్డ అడ్డం తిరిగి ఉంటే గైనకాలజిస్టు ఒక్కరే ఉంటే చాలదు. మత్తిచ్చేవారు లేకపోతే పెద్దాపరేషన్ లేదు. చీటీ రాసి ఖమ్మం పంపాల్సిందే. వంద కిలోమీటర్లు దాటిన దారి అది. నేను జనరల్ ఫిజీషియన్‌ని. మలేరియా, పాముకాటు అయితే చూసుకోగలను. ఇలాంటి రాత్రి మాత్రం బీపీ చూసి, సెలైన్ పెట్టి, 108 ఎక్కించడమే నా పని. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అప్పుడు ఎక్కించి ఎటు పంపాలి?

ఒంటరిగా పోస్టింగ్ ఇచ్చిన స్పెషలిస్టు భార్యో భర్తో హైదరాబాద్‌లో ఉంటే, శుక్రవారం సాయంత్రానికే బస్సు వైపు చూస్తారు. అది బద్ధకం కాదు, సంసారం. నేనూ, డాక్టరైన నా భార్యా కొన్నేళ్లు చెరో జిల్లాలో పనిచేశాం కాబట్టి ఆ బస్సు నాకు బాగా తెలుసు. పిల్లాడికి జ్వరమొస్తే ఇద్దరు డాక్టర్లం ఫోన్‌లోనే వైద్యం చేసుకున్నాం.

కలిసి ఉంటే ఏమవుతుందో చూడాలంటే కాళేశ్వరం దగ్గర నది దాటితే చాలు, అవతల గడ్చిరోలి జిల్లా. 1973లో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని దంపతులు ఆ జిల్లాలోని హేమల్‌కసా అడవికి కాపురానికి వెళ్లారు. ఇద్దరూ డాక్టర్లే. ఆమె మత్తు వైద్యురాలు కూడా. మాడియా గోండుల భాష నేర్చుకుని అక్కడే ఉండిపోయారు. 2008లో ఇద్దరికీ కలిపి మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత వాళ్ల అబ్బాయి, కోడలు కూడా డాక్టర్లుగా అక్కడే కుదురుకున్నారు.

అదే జిల్లాలో మరో జంట అభయ్ బంగ్, రాణీ బంగ్. ఆయనది జనరల్ మెడిసిన్, ఆమెది గైనకాలజీ. అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చి 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే కనిపెట్టుకునే పద్ధతి తయారుచేశారు. పోల్చి చూసిన ఊళ్లకన్నా అక్కడ నెలలోపు శిశువుల మరణాలు మూడో ఏడాదికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో అచ్చయింది. 2011 నుంచి దేశమంతా ఆ పద్ధతే. మీ ఇంట్లో బాలింత ఉన్నప్పుడు ఆశా కార్యకర్త వచ్చి బిడ్డ బరువు చూసి వెళ్లిందంటే, దాని వెనక ఈ జంట కాపురం కూడా ఉంది.

అలాగని ప్రతి పెళ్లినీ త్యాగంగా మార్చమని నేను అనను. త్యాగమని పొగిడి, నీళ్లు రాని క్వార్టర్స్ ఇస్తే ఎవరూ నిలవరు. దంపతులకు ఒకే ఆసుపత్రిలో పోస్టులివ్వాలి. ఇన్నేళ్లని గడువు ముందే చెప్పాలి. అది పూర్తయ్యాక కోరిన చోటుకు పంపాలి. పిల్లల చదువుకు దారి చూపాలి. ఇందులో ఇబ్బందీ ఉంది. జంట వెళ్లిపోతే ఒకేసారి రెండు కుర్చీలు ఖాళీ అవుతాయి. అయినా, ఇద్దరిలో ఒక్కరే ఉన్న ఆపరేషన్ థియేటర్‌కు తాళం పడే ఉంటుంది కదా!

ఆ తండ్రితో నేను వాదించలేదు. ‘మీ అమ్మాయి డ్యూటీలో ఉన్న ఒక రాత్రి వచ్చి లేబర్ రూమ్ బయట బెంచీ మీద కూర్చోండి, పొద్దున మాట్లాడుకుందాం’ అన్నాను. కార్తీకంలో దర్శనానికి వస్తారట, అప్పుడు చూస్తానన్నారు.