రిటైర్మెంట్ డబ్బుకు రెక్కలొచ్చే ముందు

మొన్న సాయంత్రం మా క్వార్టర్ల లైన్‌లో ఉండే వదిన ఒకామె వచ్చి కూర్చుంది. చాయ్ చల్లారిపోతున్నా తాగదు. ఏమైంది వదినా అంటే అప్పుడు చెప్పింది.

"మా పెద్దది పైలెట్ అయితదట. మీ అన్న వచ్చే యేడు రిటైర్ అయితడు గదా, వచ్చే పైసలన్నీ దానికే పెడ్తనంటున్నడు. వద్దంటే ఆడపిల్ల చదువుకు అడ్డం పడ్డదంటరు. సరే అందామంటే నాకు నిద్ర పడ్తలేదు."

గోదావరిఖనిలో మనకు విమానమంటే బసంత్‌నగర్‌లోని పాత రన్‌వేనే. ఒకప్పుడు అక్కడికి వాయుదూత్ విమానాలు వచ్చేవని పెద్దవాళ్ళు చెబుతారు. అలాంటి ఊరి నుంచి, బాయి పనికి పోయే తండ్రికి పుట్టిన పిల్ల విమానం నడుపుతానంటే నాకైతే సంతోషమే. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళే. ప్రపంచంలో ఇంత ఎక్కువ ఉన్న దేశాలు అరుదు. కాబట్టి "ఆడపిల్లకెందుకు" అనే మాట నేను అనను. పిల్లను పంపాలి. రిటైర్మెంట్ డబ్బు మాత్రం ముట్టుకోకూడదు. ఈ రెండు మాటలూ ఒకేసారి అనొచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సింగరేణిలో రిటైరయ్యాక ఏమవుతుందో మనకు తెలుసు. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ ఒక్కసారే వస్తాయి. క్వార్టర్ ఖాళీ చేయాలి. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ అని ఎదురుచూసే రోజులు పోతాయి. బొగ్గు గని పెన్షన్ ఎంతో, దాంతో ఎన్ని రోజులు గడుస్తాయో రిటైరైన వాళ్ళ ఇళ్ళలో అడగండి. అందుకే ఆ డబ్బును "చేతికొచ్చిన డబ్బు" అనుకోకూడదు. అది మొగుడూ పెళ్ళాలిద్దరి తలమీది కప్పు, మందుల డబ్బా. పిల్ల మీద ప్రేమతో ఆయన అది తీసి ఇచ్చేస్తానంటే, అందులో సగం వదిన ముసలితనం కూడా ఉందని ఎవరు చెప్పాలి?

ఇక చదువు ఖర్చు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు మామూలుగా 45 నుంచి 60 లక్షలు చెబుతున్నారు. ఎయిర్‌లైన్లు నడిపే క్యాడెట్ కోర్సులైతే కోటి దాకా పోతాయి. చాలామంది లైసెన్స్ దాకానే లెక్క వేసి ఆగిపోతారు. ఆ తర్వాత పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని ఇంకో శిక్షణ ఉంటుంది. దానికి మళ్ళీ లక్షలు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు సల్వా ఫాతిమా కథ పేపర్లలో చదివే ఉంటారు. దాతల సాయంతో లైసెన్స్ తెచ్చుకుంది. అయినా ఆ పై శిక్షణకు డబ్బు లేక ఆగాల్సి వచ్చింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం సాయం చేస్తే అదీ పూర్తి చేసి ఎయిర్‌లైన్‌లో చేరింది. ఆ అమ్మాయి పట్టుదలకు దండం పెట్టాలి. కానీ అందరికీ అలాంటి సాయం దొరకదు. కాబట్టి మొదటి రోజే చివరి మెట్టు దాకా లెక్క రాసుకోవాలి.

నా మాట ఏంటంటే, ఈ చదువులో ఖర్చు తగ్గేది ఫీజు దగ్గర బేరమాడితే కాదు. డబ్బు ఏ వరసలో బయటికి పోవాలో ముందే పెట్టుకుంటే తగ్గుతుంది. ఆ వరస పెట్టడం నెల జీతంతో ఇల్లు నడిపే మనకంటే ఎవరికి బాగా తెలుసు?

అన్నిటికంటే ముందు మెడికల్. డీజీసీఏ నియమించిన డాక్టర్ల దగ్గర క్లాస్ 2 పరీక్ష, ఆ తర్వాత క్లాస్ 1. కళ్ళు, రంగులు గుర్తుపట్టడం, చెవులు, గుండె అన్నీ చూస్తారు. వేలల్లో అయిపోతుంది. లక్షలు కట్టాక కంటిలో దోషం బయటపడితే ఆ ఏడుపు ఎవరు ఏడుస్తారు? ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. లేకపోతే ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ రాయొచ్చు.

రెండోది రాత పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్. వీటిని విమానం ఎక్కకముందే రాసెయ్యొచ్చు. హైదరాబాద్‌లో కొన్ని నెలలు హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకోవడానికయ్యే ఖర్చు, మొత్తం ఖర్చులో కొంచెమే. పిల్ల ఇవి పాసైతే ఆమె పట్టుదల ఎంతో మనకు తెలుస్తుంది. తప్పితే పోయేది కోచింగ్ ఫీజు, ఇల్లు కాదు.

అప్పుడు ఫ్లయింగ్ స్కూల్. లైసెన్స్‌కు 200 గంటలు విమానం నడపాలి. స్కూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు ఇవి అడగండి: ఎగిరే స్థితిలో విమానాలెన్ని, నేర్పేవాళ్ళెంతమంది, పిల్లలెంతమంది, పోయిన బ్యాచ్‌కు 200 గంటలు ఎన్ని నెలల్లో అయ్యాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం డిస్కౌంట్ ఇస్తామంటే మొత్తం ఫీజు ఒకేసారి కట్టేసింది. విమానాలు చాలక ఆ అబ్బాయి వంతు కోసం హాస్టల్‌లో కూర్చున్నాడు. ఏడాదిన్నర అనుకున్నది మూడేళ్ళయింది. మెస్ బిల్లు, హాస్టల్ అద్దె, అప్పు మీద వడ్డీ కలిపితే ఆ డిస్కౌంట్ ఎటు పోయిందో తెలియలేదు. కాబట్టి ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కట్టించుకునే చోటే చేర్చండి. ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

2025 నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్ళకు ర్యాంకులిస్తోంది, అది చూడండి. ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీకి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఫీజు అక్కడా లక్షల్లోనే, అయినా పిల్ల చేత ఆ పరీక్ష రాయించండి. ఇంకో సంగతి. డీజీసీఏ ఆమోదించిన స్కూళ్ళలో ఆమోదించిన కోర్సులకు జీఎస్టీ వర్తించదని 2024 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. బిల్లులో 18 శాతం కలిపి ఉంటే ఎందుకని అడగండి. విదేశాల్లో త్వరగా అయిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. తిరిగొచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్స్ మార్పించుకోవాలి, ఆ ఖర్చూ ఆ నెలలూ కూడా కలుపుకోండి.

మరి డబ్బు ఎక్కడిది? పైలట్ శిక్షణకూ బ్యాంకులు విద్యా రుణం ఇస్తాయి. 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ప్లాటో, పొలమో పెట్టాల్సి వస్తే, ఉండబోయే ఇల్లు మాత్రం పెట్టకండి. రుణం పిల్ల పేరు మీదే ఉండాలి, తీర్చే బాధ్యత ఆమె తెలుసుకోవాలి. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేస్తే అసలు పెరగదు. పెళ్ళికని దాచిన బంగారం, చిట్టీ ఉన్నాయా? పిల్లనే అడగండి, "పెళ్ళి ఖర్చు ఇందులోకి తీస్తే నీకు సమ్మతమేనా?" అని. ఆ మాట నలుగురి ముందు అనడానికి తండ్రి కూడా సిద్ధపడాలి.

లైసెన్స్ రాగానే ఉద్యోగం వస్తుందని ఎవరూ రాసివ్వరు. చేతిలో లైసెన్స్ పెట్టుకుని ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళున్నారు. అందుకే కనీసం ఏడాది వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన ఉంచాలి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కూడా కట్టించాలి. అది పిల్ల మీద నమ్మకం లేక కాదు. గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళమంటే వాన రావాలని కోరుకున్నట్టా?

ఇవన్నీ చెప్పి, వదినకు ఒక నోట్‌బుక్ ఇచ్చాను. మొదటి పేజీలో తాము ఉండబోయే ఇంటి ఖర్చు, మందులు, చిన్నదాని చదువు రాసుకుంది. పెద్దదాని పేరు రెండో పేజీలో రాసింది. రాస్తూ ఆగి, "ముందు నా కోసం రాసుకుంటే తప్పు గాదా?" అంది.

తప్పు కాదు వదినా. తల్లిదండ్రులు రేపు ఎక్కడుంటారో తెలియని పిల్ల, అంత పైన నిబ్బరంగా ఎట్లా కూర్చుంటుంది?

వచ్చేవారం తల్లీకూతుళ్ళిద్దరూ హైదరాబాద్ పోతున్నారు, మెడికల్‌కు. అన్నతో మాత్రం వదిన ఒకే మాట చెప్పిందట: "పాసై రానియ్యి, అప్పుడు రెండో పేజీ తీద్దాం."