మెట్రో కన్నా ముందు మెము

పట్టణ రవాణా అనగానే మెట్రో రైలు ప్రస్తావనే ముందుకు వస్తున్న ఈ కాలంలో, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాలకు రైలు ఏ రూపంలో అందాలన్నది విడిగా ఆలోచించవలసిన విషయం. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా పునర్విభజనతో ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి గాని, 2011 జనగణన నాటికి వీటిలో ఏదీ లక్ష జనాభాకు చేరలేదు. పెద్దాసుపత్రి, విశ్వవిద్యాలయం, పెద్ద మార్కెట్టు వరంగల్, హనుమకొండల్లోనే ఉన్నందున, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడమే ఇక్కడివారి అసలు రవాణా అవసరం.

ఈ అవసరాన్ని మెట్రో తీర్చలేదు. వంతెనల మీద నడిచే మెట్రోకు కిలోమీటరుకు వందల కోట్లు ఖర్చవుతాయి. గంటగంటకూ వేలమంది ఎక్కితే తప్ప ఆ పెట్టుబడికి అర్థం ఉండదు. అందుకే చిన్న నగరాల కోసం 2021–22 కేంద్ర బడ్జెట్ మెట్రో నియోను ప్రస్తావించింది. పైన విద్యుత్తు తీగ, కింద రబ్బరు టైర్లతో ప్రత్యేక దారిలో నడిచే పొడవాటి వాహనమే మెట్రో నియో. కాజీపేట–వరంగల్ మధ్య సుమారు 15 కిలోమీటర్ల మేర దీన్ని ప్రతిపాదించినా, అది నగరం లోపలి ప్రయాణికులకే పరిమితం.

జిల్లా పట్టణాలకు కావలసిన పట్టాలు మాత్రం చాలావరకు వేసే ఉన్నాయి. 1889 నాటికే బెజవాడ చేరిన నిజాం రైలు మార్గం మీదే జనగామ, మహబూబాబాద్ స్టేషన్లు రెండూ ఉన్నాయి. జనగామ నుంచి కాజీపేట, వరంగల్ మీదుగా మహబూబాబాద్ వరకు సుమారు 120 కిలోమీటర్ల ఈ దారిలో ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళల్లో మెము రైళ్లు నడపవచ్చు. మెము అంటే విడిగా ఇంజను లేకుండా, పెట్టెల కిందనే మోటార్లు అమర్చిన విద్యుత్ రైలు; ఇది త్వరగా వేగం అందుకుంటుంది, చివరి స్టేషనులో ఇంజను మార్చే పని లేకుండానే తిరుగుముఖం పడుతుంది కాబట్టి ప్రతి స్టేషనులో ఆగే ప్రయాణాలకు తగినది.

అయితే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బళ్లూ నడిచే పట్టాల మీదే ఆగి ఆగి వెళ్లే రైలును నడిపితే, ఏదో ఒకటి పక్కన నిలబడక తప్పదు. 2003లో హైదరాబాదులో మొదలైన ఎంఎంటిఎస్ స్థానిక రైళ్ల సమయపాలనను ఈ ఇబ్బందే దెబ్బతీసింది. 2024 మార్చి నుంచి ఆ రైళ్లు ఘట్‌కేసర్ దాకా వస్తున్నాయి. యాదాద్రి వరకు పొడిగింపు ప్రతిపాదన ఉంది. అక్కడి నుంచి జనగామకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరమే. కాబట్టి ఆ ఇబ్బంది ఇక్కడా ఎదురుకాకుండా, ఈ దారిలో అదనంగా వేసే మూడో లైనును సరుకు రవాణా కోణంలో మాత్రమే చూడకుండా, స్థానిక రైళ్లకు కేటాయించే వేళలను కూడా ప్రణాళికలోనే చేర్చాలి. జర్మనీలోని కార్ల్స్‌రూహె అనే మధ్యస్థాయి నగరం 1992లో తన ట్రాములను ప్రధాన రైలు పట్టాల మీదికి మళ్లించి చుట్టుపక్కల ఊళ్లను కలుపుకొన్నది; ఉన్న పట్టాలను పంచుకోవడమే అక్కడి విజయరహస్యం.

భూపాలపల్లి సంగతి వేరు. సింగరేణి గనులు, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నా, ఆ పట్టణానికి ప్రయాణికుల రైలు లేదు. దాని మీదుగా వెళ్లే రామగుండం–మణుగూరు మార్గం ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. సుమారు 200 కిలోమీటర్ల ఆ మార్గానికి బొగ్గు రవాణాయే ప్రధాన ఆధారమైనా, బొగ్గు కోసం వేసిన డోర్నకల్–కొత్తగూడెం శాఖా మార్గమే తర్వాత భద్రాచలం యాత్రికులకు దారి అయిందన్నది మరువరాదు. స్టేషను ఊరికి దగ్గరగా ఉంటుందా, గనికి దగ్గరగా ఉంటుందా అన్నది సర్వే నాడే తేలిపోతుంది గనుక, జిల్లా యంత్రాంగం ఆ దశలోనే గట్టిగా మాట్లాడాలి. ఆ లైను వచ్చేదాకా వరంగల్ స్టేషను వేళలకు సరిపోయేలా పరకాల మీదుగా ఆర్టీసీ బస్సులు నడపడం తక్షణ కర్తవ్యం.

జనగామకూ మహబూబాబాద్‌కూ సరైన వేళకు రైలు కావాలి. భూపాలపల్లికి ముందుగా పట్టాలు కావాలి. ప్రభుత్వాలు ఈ క్రమాన్ని గుర్తించి ఖర్చు చేస్తే, మెట్రోకయ్యే వ్యయంలో కొద్ది భాగంతోనే మూడు జిల్లాల ప్రజల రోజువారీ ప్రయాణం సుగమమవుతుంది.