అశ్లీలం ఎవరికి, లాభం ఎవరికి?

వీడియో గేములలో ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను గురించి ఒక సాహిత్య పత్రికలో వ్యాసం వ్రాయటం మన మిత్రులు కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. రైతు అప్పుల్లో మునిగి ఉండగా, కాంట్రాక్టు కార్మికుడికి జీతం సరిగా అందకుండా ఉండగా, తెరమీద బొమ్మల ప్రేమలు మనకెందుకని వారంటారు. ఇది పొట్ట నిండినవాళ్ళ వినోదమనీ, బూర్జువా సంస్కృతికి పట్టిన తాజా రోగమనీ వారి నిశ్చితాభిప్రాయం. రెండో పక్షంవాళ్ళు నేనుండే కొత్తగూడలో కొల్లలుగా ఉన్నారు. వీళ్ళు హాస్టళ్ళలో ఉంటూ హైటెక్ సిటీ ఆఫీసులకు పోయివచ్చే చదువుకున్న యువజనులు. సమాజం ఇవ్వని స్వేచ్ఛను మార్కెట్టు ఇచ్చింది గనక మార్కెట్టే అభ్యుదయకరమని వీరి వాదం. ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి ఈసడించుకుంటాయిగాని ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తాయి. ఈ ప్రేమ కంపెనీవారి సరుకని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. నేను ఒప్పుకోనిది సరిగ్గా ఆ మాటనే.

ఈ ఆటలు ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. రోల్ ప్లేయింగ్ గేము అంటే ఆడేమనిషి ఒక పాత్ర ధరించి, కథ ఎటు నడవాలో తానే నిర్ణయించుకునే ఆట. పాత్ర ఆడా మగా, ఎవరితో చెలిమి, ఎవరిమీద మనసు — ఇవన్నీ కథకుడు వ్రాసిపెట్టిన దారుల్లోంచి ఆడేవాళ్ళే ఎంచుకుంటారు. ఇటువంటి ఆటలకు కెనడాలోని బయోవేర్ సంస్థ పేరుపడింది. దాని 2007 నాటి ‘మాస్ ఎఫెక్ట్’లో నాయిక లియారా అనే పాత్రను ప్రేమించవచ్చు. లియారా చూడటానికి స్త్రీయే. అయితే ఆమె జాతిలో ఆడ మగ భేదమే లేదని కథలోనే ఒక తప్పించుకునే దారి పెట్టుకున్నారు. 2012లో వచ్చిన మూడో భాగంలో సమాంతా ట్రేనర్, 2014 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్’లో సెరా, ఏ సాకూ లేకుండా స్త్రీలనే ప్రేమించే స్త్రీలుగా కనిపిస్తారు. స్త్రీని స్త్రీ అనటానికి ఐదేళ్ళు పట్టిందన్నమాట.

ఇంతకూ ఆ ‘ఇంక్విజిషన్’కు మన దేశంలో పట్టిన గతి ఏమిటి? బయోవేర్‌ను 2008లో కొనుక్కున్న ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ, 2014 నవంబరులో ఆ ఆటను భారతదేశంలో అమ్మకుండా ఉపసంహరించుకున్నది. ముందుగా డబ్బు కట్టినవారికి తిరిగి ఇచ్చేసింది. స్థానిక అశ్లీల చట్టాలను ఉల్లంఘించకుండా ఉండటానికే ఈ పని చేశామన్నది. ఏ దృశ్యం అశ్లీలం? ఏ చట్టంలో ఏ సెక్షను? అది చెప్పలేదు. గవర్నమెంటు నిషేధించలేదు, కోర్టు ఆజ్ఞాపించలేదు. సినిమాకు సెన్సారు బోర్డు ఉన్నట్టు వీడియో గేములకు మనకు ఆనాడు బోర్డు కూడా లేదు. వ్యాపారి తానే ఫిర్యాదిగా, తానే న్యాయమూర్తిగా, తీర్పు అమలుచేసే బంట్రోతుగా మూడు వేషాలూ కట్టాడు. ఆ కంపెనీకి మన హైదరాబాదులోనే స్టూడియో ఉన్నది. ఇక్కడి పనివాళ్ళ శ్రమ దానికి పనికి వచ్చింది. ఇక్కడి పాఠకుల బుద్ధి మాత్రం నమ్మదగింది కాకపోయింది.

కారణం ఆడవాళ్ళ ప్రేమేనని ఎట్లా అంటావని అడగవచ్చు. కంపెనీ నోరు విప్పలేదు గనక మనం తేదీలు చూసుకోవాలి. అదే వరసలోని మొదటి ఆట 2009 నవంబరులోనూ, రెండోది 2011 మార్చిలోనూ వెలువడ్డాయి. వాటిలోనూ ఇద్దరు స్త్రీల ప్రేమ ఉన్నది. అవి ఇక్కడ అమ్ముడుపోయాయి. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షను కోరలు తీసింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ కోరలు మళ్ళీ అమర్చింది. మూడో ఆట వెనక్కు పోయింది ఆ తర్వాత పదకొండు నెలలకు. బట్టలు విప్పి నాట్యమాడే క్లబ్బులున్న ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ మాత్రం 2013 నుంచీ దర్జాగా అమ్ముడవుతూనే ఉన్నది. మగవాడి కంటికి విందైతే అశ్లీలం కాదు గాబోలు!

తెలుగు సాహిత్యం చదువుకున్నవారికి ఈ కథ కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని వ్రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ళవారిచేత అచ్చువేయించింది. 1911లో అశ్లీలమనే నేరంమీద పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. అంతకుముందే, స్త్రీవిద్యకోసం జీవితం ధారపోసిన వీరేశలింగం పంతులుగారు, అవి స్త్రీ నోట రాదగిన మాటలు కావన్నారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగ కవులకు లేదా అని నాగరత్నమ్మ నిలదీసింది. నిషేధం ఎత్తివేయటానికి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం రావలసివచ్చింది. 1952లో వావిళ్ళవారు తిరిగి అచ్చువేశారు. ఆ కావ్యం స్త్రీపురుషుల శృంగారమే. అయినా కోరిక స్త్రీది కావటమే నేరమయింది. అటువంటప్పుడు పురుషుడి ప్రమేయమే లేని కోరిక మాట చెప్పాలా? నాటి ప్రచురణకర్త నిషేధం వస్తే నిలబడి పోరాడాడు. నేటి ప్రచురణకర్త నిషేధం రాకముందే మూటా ముల్లే సర్దుకున్నాడు.

ఇక మార్కెట్టు భక్తులకు ఒక్క ఉదాహరణ చాలు. ఇదే కంపెనీ 2011 డిసెంబరులో ‘స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్’ అనే ఆట తెచ్చింది. అందులో ఆడపాత్ర ఆడపాత్రతో సరసమాడే వీలు లేదు. ఆడేవాళ్ళు గట్టిగా అడగ్గా అడగ్గా 2013 ఏప్రిల్లో వీలు కల్పించారు. ఎక్కడ? వేరే డబ్బు పెట్టి కొనుక్కోవలసిన అనుబంధంలో, మాకెబ్ అనే ఒకే ఒక గ్రహంమీద! ఊరికి వెలుపల వాడ కట్టి, ఆ వాడలోకి పోవటానికి సుంకం వసూలు చేయటం మనకు తెలియని సంస్కృతి కాదు. పోనీ, ఇప్పుడు రోజులు మారాయి, 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’లో తోటి స్త్రీపాత్రలను నాయిక నిరభ్యంతరంగా ప్రేమించవచ్చు, ఆ ఆట మనకూ దొరుకుతున్నది అంటారు. నిజమే. నడుమ ఏం జరిగింది? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377ను కూలదోసింది. నాజ్ ఫౌండేషన్ కోర్టుకెక్కిన 2001 నుంచీ లెక్క వేస్తే పదిహేడేళ్ళ పోరాటమది. దారి వేసినవారు వీధుల్లోనూ కోర్టుల్లోనూ నిలబడ్డ మనుషులు. ఆ దారిన బండి తోలుకుంటూ వచ్చినవాడు వ్యాపారి. 2025 సెప్టెంబరులో ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు అమ్మే ఒప్పందం ప్రకటించారు. కొనేవారిలో ప్రధానమైనది సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి. స్వలింగ ప్రేమ అక్కడ శిక్షార్హమైన నేరం. రేపు సెరావంటి పాత్రలు ఉంటాయో పోతాయో నేను జోస్యం చెప్పబోను. ఆ నిర్ణయం ఆడేవాళ్ళ చేతుల్లోనూ, వ్రాసేవాళ్ళ చేతుల్లోనూ లేదన్నదే నా మాట. 2023 ఆగస్టులో బయోవేర్ సుమారు 50 మందిని పనిలోంచి తీసివేసింది. పాత్రలు సృష్టించినవారికే పనికి భరోసా లేనప్పుడు పాత్రలకు ఎక్కడిది?

అయితే ఇదంతా బూర్జువా గోలేనని మన మిత్రులు సంతోషించనక్కరలేదు. కొత్తగూడ హాస్టలులో ఇద్దరు ఆడపిల్లలు ఒకే గదిలో, ఒకే జీతంమీద, ఒకరి జబ్బుకు ఒకరు కాపలా కాస్తూ ఏళ్ళ తరబడి ఉంటే ఎవరూ పల్లెత్తు మాట అనరు. ‘రూమ్మేట్లు’ అంటారు. వాళ్ళు తమ సంబంధానికి సరైన పేరు పెట్టుకున్న నాడు హాస్టలు తలుపు మూసుకుంటుంది, ఊళ్ళోంచి నాన్న కారు వేసుకుని వస్తాడు. 2025 మేలో మద్రాసు హైకోర్టు ముందుకు అటువంటి కేసే వచ్చింది. పాతికేళ్ళ యువతిని పుట్టింటివారు నిర్బంధిస్తే ఆమె ప్రియురాలు హెబియస్ కార్పస్ పిటిషను వేయవలసివచ్చింది. పెళ్ళి ఒక్కటే కుటుంబానికి పునాది కాదని న్యాయమూర్తులు అన్నారు. కాని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇట్లాంటి జంటలకు పెళ్ళి హక్కు నిరాకరించింది. ఆ కేసుకు పేరిచ్చిన పిటిషనుదారు మన హైదరాబాదువాడే. ప్రావిడెంటు ఫండు పథకం 1952లో వ్రాసుకున్న కుటుంబ నిర్వచనంలో ఆడ ఉద్యోగికి భర్త ఉన్నాడు, బిడ్డలున్నారు, తల్లిదండ్రులున్నారు, అత్తమామలు కూడా ఉన్నారు. ఆమె కలిసి బతికే స్త్రీకి అందులో చోటు లేదు. ఆడదాని సంపాదన ఎవరికి చెందాలి, ఆమె శరీరంమీద ఎవరికి అధికారం — ఇవి ఆస్తి ప్రశ్నలు కావా? ఆస్తి ప్రశ్న వర్గ ప్రశ్న కాకుండా పోతుందా?

మన చరిత్రలోనూ ఒక పాఠమున్నది. 1922 నాటి సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరం కాదు. 1934లో మగవారి విషయంలో దాన్ని తిరిగి నేరం చేశారు. ఆ ఏడాదే గోర్కీ అంతటివాడు దాన్ని ఫాసిజానికి జతచేసి వ్రాశాడు. స్త్రీలమాట ఆ చట్టమూ ఎత్తలేదు. వాళ్ళకు కోరిక ఉంటుందనే ఊహ చట్టం వ్రాసినవాళ్ళకు రాలేదు గాబోలు. విప్లవం పేరిట జరిగింది గనక అది సరైనదని ఈనాడు ఎవరైనా వాదించగలరా?

కనుక మనం చేయవలసిన పని స్పష్టం. ఒక ఆటనుగాని పుస్తకాన్నిగాని ఇక్కడ ఉపసంహరించుకునే కంపెనీ ఏ భాగం, ఏ సెక్షను అన్నది బహిరంగంగా చెప్పి తీరాలని మనం డిమాండు చెయ్యాలి. చెప్పనిదాన్ని కోర్టులో ఎదిరించటం సాధ్యం కాదు. బ్యాంకు ఖాతాలో భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. అదే హక్కు ప్రావిడెంటు ఫండులో ఉండాలని కార్మిక సంఘాలు అడగాలి. ఐటీ ఉద్యోగినులు కూడా కార్మికులే గనక ఇది సంఘాల పనే. మూడోది మన పని. సెరా వంటి మనిషి కొత్తగూడలో ఏ హాస్టలులో ఉంటుంది, నెలజీతంలో ఇంటికెంత పంపుతుంది, ఫోనులో అమ్మతో ఏం అబద్ధం చెబుతుంది — ఇది వ్రాయటానికి కెనడా కంపెనీ రాదు. తెలుగు రచయితలే వ్రాయాలి. అప్పుడు దాన్ని వెనక్కు తీసుకుపోవటం ఏ వ్యాపారి తరమూ కాదు.