ఇంటిగుట్టు ఎవరికి చేటు?

దంపతుల నడుమ దాగిన ఘోరరహస్యములను వస్తువుగా గైకొన్న కథలన్నను, చిత్రములన్నను మన పెద్దలలో పలువురికి గిట్టదు. అవి సంసారములను చెఱచునట! ఆడపిల్లల మనసులలో లేనిపోని అనుమానములను నాటునట! ఈ మాటను నేనంగీకరింపజాలను. అట్టి కథలలో పేరుగన్న దానినొకదానిని ముందుంచుకొని విచారింతము.

ఆంగ్ల రచయిత పాట్రిక్ హామిల్టన్ 'గ్యాస్‌లైట్' నాటకము 1938లో వెలువడెను. అది 1940లో ఇంగ్లండున, 1944లో హాలీవుడ్డున చలనచిత్రమయ్యెను. రెండవదానికి జార్జ్ క్యూకర్ దర్శకుడు. భార్యగా నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమనటిగా ఆస్కారు లభించెను.

ఆ చిత్రమున కథ లండన్ నగరమందలి ఒక యింట నడచును. రత్నములకై ఒక గాయనిని ఆ యింటనే చంపిన హంతకుడు, అవి దొరకక పాఱిపోయి, ఏండ్లు గడచిన పిమ్మట ఆమె పెంచిన పిల్లనే వలచినట్లు నటించి పెండ్లాడి, ఆ యింటికే కాపురము తెచ్చును. రాత్రులందు పనియున్నదని వెడలి, చాటుగా మరలి, అటకపై వెదకుచుండును. పైన అతడు దీపము వెలిగించినంతనే గొట్టములలోని వాయువు అటు పోవుటచే, క్రింద భార్య గదిలోని దీపము మందగించును. ఆమె దానిని చూచును. పైన అడుగుల చప్పుడు వినును. అదంతయు నీ భ్రమ యని భర్త యనును. వస్తువులను తానే దాచి, నీవే పోగొట్టితివని నిందించును. జబ్బుమనిషి యని చెప్పి ఎవ్వరిని ఇల్లు త్రొక్కనీయడు. తుదకామె తన కన్నులను తానే నమ్మజాలని స్థితికి వచ్చును.

ఇందు ఇద్దరును రహస్యము దాచువారే. అతడు హత్యను దాచుచున్నాడు, ఆమె తన భయమును దాచుచున్నది. మొదటిదానికి కావలి కాయుచున్నది రెండవదియే.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన సామెత. నిజమే! చేటు లంకకు వచ్చినది గాని, అశోకవనమున కూర్చున్న యిల్లాలికి రాలేదే! విభీషణుడు గుట్టు దాచియుండినచో సీత గతి యేమని సామెత చెప్పువారెవ్వరును అడుగరు.

పరభాషా ప్రాంతములందు స్థిరపడిన మనలో ఈ సామెతకు బలము మెండు. పది తెలుగిండ్లున్న వీధిలో మాట పొక్కినచో తెలుగువారందఱికిని తలవంపని కోడలి నోరు నొక్కుదురు. పుట్టిల్లు దూరము, ఇరుగుపొరుగు భాష ఆమెకింకను పట్టుబడలేదు. కథలోని భర్త యెంతో శ్రమపడి కల్పించిన ఏకాంతమును మనము పరువు పేరిట ఊరకనే సమకూర్చుచున్నాము. 2005 నాటి గృహహింస చట్టము మాటలతోను, మానసికముగాను పెట్టు బాధను సైతము హింసగనే యెంచినది. అయిన నేమి? చట్టము గడప లోనికి వచ్చుటకు ముందు మాట గడప దాటవలెను గదా!

చిత్రమున నాకు నచ్చనిది ఒకటి కలదు. సమయమునకు ఒక పోలీసు అధికారి ఊడిపడును. మన యిండ్లకట్టివాడు రాడు. అయినను అతడు చేసిన గొప్పపని హంతకుని పట్టుట కాదు, దీపము మందగించుట తనకును కనబడుచున్నదని ఆమెతో చెప్పుట. దానికి పోలీసులే కావలెనా? అత్తగారు చెప్పవచ్చును, ప్రక్కింటి పిన్నిగారు చెప్పవచ్చును.

కడపటి ఘట్టమున భర్త కుర్చీకి కట్టబడియుండును. కట్లు కోయుమని బతిమాలును. కత్తి చేతబట్టుకొనియే ఆమె, పిచ్చిదానికి కత్తి యెట్లు కనబడునని, అతని మాటను అతనికే అప్పగించును. మన ఆడపిల్లలు చూడరాదన్న ఘట్టము ఇదియేనా?