బటను ఫోనుకు తాళము

కమలాపురము మండల పౌరులకు విన్నపము.

పదిహేనువందల రూపాయల ధరావతుతో 2017లో వెలువడిన జియోఫోను, మరుసటి యేట వాట్సాప్‌ను గూడ పొంది, పంపినవారును అందుకొన్నవారును దప్ప నడుమనున్న కంపెనీవారు సైతము చదువజాలని ఎన్‌క్రిప్షన్ అను గూఢలేఖనము 512 ఎం.బి. ర్యాము గల చిన్న పరికరమున ఇముడునని ఋజువు చేసినది. 2024 జూన్ పిమ్మట ఆ వాట్సాప్ క్రొత్తవారికి లభింపలేదు. 2025లో పాతవారికిని నిలిచిపోయినది.

మా వీధిలోని యొక ముసలమ్మకు కువైటునుండి కొడుకు పంపు మాటలు నాటివరకు ఆమె బటను ఫోనులోనే వినబడుచుండెను. ఇప్పుడవి ప్రక్కింటి కుర్రవాని స్మార్ట్‌ఫోనుకు వచ్చుచున్నవి. వాడు గట్టిగా పెట్టి వినిపించును, అరుగుమీదివారెల్లరు విందురు. "వానికి జీతం పడిందో లేదో నాకంటే ముందు ఊరికి తెలుస్తాంది నాయనా" అని ఆమె నాతో అన్నది.

కావున ఆ బటను ఫోనుకు గూఢలేఖనము గల సందేశ ప్రోగ్రామును మరల వ్రాయవలెనని మా కోరిక. ఆదరణ తప్పిన ఫోనుకు సాఫ్ట్‌వేరు వ్రాయుట శవమునకు సింగారమని బుద్ధిమంతులు కొందరు ఆక్షేపింతురు. లాభము లెక్కించు కంపెనీకి ఆ మాట చెల్లును, ముసలమ్మకు చెల్లదు. అదిగాక, ఈ ఫోనును నడుపు కాయ్ఓఎస్ తానే, మొజిల్లావారు 2016లో చేయివిడిచిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ మొదలునుండి చిగిర్చినది. ఆ మూలసంకేతము బాహాటముగా నుండుటచేతనే ఆ చిగురు సాధ్యమైనది.

క్రొత్త గూఢలిపిని కల్పింపుడని మేమడుగుట లేదు. స్వకల్పితమును నమ్ముకొనుట ప్రమాదము. రహస్యము తాళపుచెవియందుండవలెను గాని తాళము చేసిన తీరునందు గాదని కెర్కాఫ్స్ పండితుడు 1883లోనే వ్రాసెను. లోకము పరీక్షించిన సిగ్నల్ ప్రోటోకాల్ అను గూఢలేఖన పద్ధతి అందరికి తెరచియున్నది. కాయ్ఓఎస్ అప్లికేషనులు, మన పిల్లలు తరగతిలో నేర్చుచున్న జావాస్క్రిప్టుతోనే వ్రాయబడును. కొడుకు స్మార్ట్‌ఫోనుకు దాని జతను గూడ వ్రాయవలసియుండును, అది వేరొక పని.

అసలు చిక్కు మరియొకటి గలదు. జియో కంపెనీ తన యాప్ స్టోరు తలుపు తీయనిదే ఏ ప్రోగ్రామును ఆ ఫోనులోనికి సులభముగా పోదు. ప్రొద్దుటూరు ఇంజనీరింగు విద్యార్థులు, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమును తీర్చిన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలతో గూడి, ప్రోగ్రామును వ్రాయుటకు పూనుకొందురుగాక! ఆ తలుపు తీయుడని కంపెనీకిని, తీయించుడని రాష్ట్ర ప్రభుత్వమునకును వ్రాసిన అర్జీపై, ఇంట బటను ఫోను గల ప్రతివారును సంతకము చేయుడు. వ్రాలు రానివారు వ్రేలిముద్ర వేయుడు.