ఆసు మీది వ్యాసార్థాలు

చేనేతను పొగడటానికి మనకు కళ, వారసత్వం, చేతిమహిమ లాంటి మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. లెక్క అన్న మాట మాత్రం నోటికి రాదు. పోచంపల్లి ఇక్కత్ విషయంలో ఇది మరీ అన్యాయం.

ఇక్కత్‌లో రంగు నేతకు ముందే పోగుకు పడుతుంది. అంటే మగ్గం ఎక్కకముందే బొమ్మంతా లెక్క తేలిపోవాలి. అందుకే మొదట గ్రాఫు కాగితం. ఒక్కో గడి కొన్ని పోగుల కట్ట. రంగు అంటకూడని చోట రబ్బరు బిగించి కడతారు. ఏటవాలు గీత మెట్లు మెట్లుగా దిగాల్సిందే. వంపు నునుపుగా రావాలని గడి కొలత సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి, కట్టే పనీ పెరుగుతుంది. అదే పోగుల్ని మడిచి కడితే సగం బొమ్మకు కట్టినా చాలు, రెండో సగం తనంతట తానే వస్తుంది. సౌష్ఠవాన్ని మనం అందమంటాం. ఇక్కడ ముందు పుట్టింది పని పొదుపేమో, అందం దాని వెంట వచ్చిందేమో అని నా అనుమానం.

పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా పడే పోగుల్ని, కట్టడానికి వీలుగా అమర్చేది ఆసు. ఒక చివర ఒకే మేకు, ఎదురుగా అర్ధవృత్తంలో వరుస మేకులు. ఆ వరుస తిన్నగా ఉంటే అంచు మేకుల దాకా పోగు ఎక్కువ పడుతుంది, బొమ్మ జరిగిపోతుంది. వృత్తంలో వ్యాసార్థాలన్నీ సమానం కనుక ఆ చిక్కు లేదు. బడిలో ఇది ఒక్క వాక్యం. ఆసు పోసే ఆడవాళ్లకు మాత్రం చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించడం. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితో చదువు ఆపిన మనిషి.

పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టలో నిలువు పోగులైన పడుగుకూ పేకకూ రెండింటికీ రంగుకట్టే. ఎరుపు, నలుపు, తెలుపు. ఎరుపు మీద ఎరుపు పడితే నిండు రంగు, తెలుపు మీద పడితే పలచన. ఇలా మూడు రంగులు ఆరు ఛాయలవుతాయి. ప్రతి పోగునూ అంచు దగ్గర కాస్త లాగి, గడి మీద గడి కూర్చుకుంటూ పోవాలి. ఎంత సరిచేసినా బొమ్మ అంచున మిగిలే ఆ చిన్న చెదురే ఇక్కత్ గుర్తు.

ఇప్పుడు ఆ చెదురును కూడా అచ్చుగుద్ది అమ్ముతున్నారు. కొనేముందు చీర తిరగేయండి. పోగుకే రంగు పట్టిన ఇక్కత్‌కు రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. అచ్చు చీర చాలావరకు లోపలివైపు వెలవెలబోతుంది.